‘నాకు లెక్కలు రావు’ అనే మాటతో 21 రోజులు: ఒక ఇయర్ ఎండ్ వర్క్‌షాప్ రివ్యూ

డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌లో రెండే రకాల యాడ్‌లు. ఒకటి ఒంట్లో బరువు తగ్గమంటుంది, రెండోది మనసులో బరువు దించుకోమంటుంది. మొదటిదానికి ఎప్పుడో లొంగిపోయి, ఎప్పుడో బయటపడ్డాను. ఈసారి రెండోదానికి దొరికిపోయాను. కొత్త ఏడాది వచ్చేలోపు మనల్ని వెనక్కి లాగే నమ్మకాలు వదిలించుకోవడానికి 21 రోజుల ఆన్‌లైన్ వర్క్‌షాప్, దాంతోపాటు ఇంటికి పంపే ఒక వర్క్‌బుక్. పేరు చెప్పను, ఎందుకంటే కొన్ని చోట్ల గట్టిగానే తిట్టబోతున్నాను. పైగా ఇలాంటివన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కాబట్టి, మీరు చూస్తున్నది వేరేదైనా ఈ రివ్యూ పనికొస్తుంది.

అసలు ఎందుకు చేరానో ముందు చెప్పాలి. నాకు లెక్కలు రావు. అంటే, రావని ఊహ తెలిసినప్పటి నుంచి అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నలుగురం కలిసి బయటికెళ్తే బిల్లు పంచుకునే టైమ్‌కి నా చెయ్యి దానంతటదే ఫోన్‌ని పక్కవాళ్ల వైపు తోసేస్తుంది. జీతం స్లిప్పు వస్తే అట్టడుగున ఉన్న అంకె ఒక్కటి చూసి మూసేస్తాను. మొన్న నవంబర్‌లో ఆఫీసులో టీమ్ బాధ్యత తీసుకోమన్నారు. "బడ్జెట్ షీట్ కూడా నేనే చూడాలా అండీ?" అని అడిగాను. అవునన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచించడానికేం లేదు, ఏ సాకు చెప్పాలా అని వెతుక్కోవడమే. సరిగ్గా ఆ వారమే ఈ యాడ్ కనిపించింది, డబ్బు కట్టేశాను.

చేతికి వచ్చేది ఏంటంటే, రోజుకో పేజీ చొప్పున వర్క్‌బుక్, మూడు ఆదివారాలు గంటన్నర లైవ్ క్లాసు, 31 రాత్రి ముగింపు సెషన్, ఒక వాట్సాప్ గ్రూపు. పుస్తకం కాగితం బాగుంది, ఇంకు పెన్నుతో రాసినా వెనక్కి దిగలేదు. భాష మాత్రం ఘోరం. ప్రతి పేజీలో "పరిమిత విశ్వాసాలు" అని రాశారు, అదేదో లిమిటెడ్ కంపెనీ పేరులా. మనం ఇంట్లో అలా అనుకుంటామా? "నా వల్ల కాదులే", "మనకెందుకొచ్చిన గొడవ", "నా మొహానికి అదొక్కటే తక్కువ", ఇలా అనుకుంటాం. అనుకున్నట్టు కూడా తెలియదు, ఊపిరి పీల్చినంత తేలిగ్గా వచ్చేస్తాయి ఆ మాటలు. పుస్తకం ఆ మాటలతోనే మొదలుపెట్టి ఉంటే గ్రూపులో సగం మంది మొదటి రెండు రోజులూ "నా పరిమిత విశ్వాసం ఏదో నాకు తెలియట్లేదు మేడమ్" అని మెసేజీలు పెట్టేవాళ్లు కాదు.

మొదటి ఐదు రోజులు శుద్ధ దండగ. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, మనకి లేదనుకుంటున్న గుణం ఉన్నట్టు పదిసార్లు గట్టిగా చెప్పుకోవాలి. నాకొచ్చిన వాక్యం "నేను లెక్కల్లో దిట్టని". మొదటి రోజు నవ్వొచ్చింది. రెండో రోజు నోరు ఆ మాట పూర్తి చేసేలోపే లోపల్నుంచి ఇంకో గొంతు "అయితే ఏడెనిమిదులు ఎంత?" అని అడిగింది. మూడో రోజుకి అద్దం చూడాలంటేనే చిరాకు. నాలో ఏదో లోపం ఉందేమో, మంత్రం అందరికీ పనిచేసి నాకొక్కదానికే పనిచేయట్లేదేమో అనుకునేంత వరకు వెళ్లాను. తీరా చూస్తే ఇది తెలిసిన సంగతే. కెనడాలో జోయన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆవిడ సహచరులు 2009లో ఇదే విషయం మీద ప్రయోగాలు ప్రచురించారు. తమ మీద తమకి అప్పటికే గురి తక్కువున్న వాళ్లతో "నేను ప్రేమించదగ్గ మనిషిని" అని పదే పదే చెప్పిస్తే, వాళ్లకి బాగనిపించకపోగా ఇంకా దిగులుగా అనిపించింది. గురి ఉన్నవాళ్లకి కొద్దిగా మేలు చేసింది, అంతే. అంటే మందు అవసరం లేనివాళ్లకే ఈ మందు పడుతుంది. వర్క్‌షాప్ నడిపేవాళ్లు ఈ ముక్క తెలుసుకోకుండా ఐదు పేజీలు దీనికే తగలేశారంటే నాకు కోపం వచ్చింది. లైవ్‌లో అడిగాను కూడా. "మీరు మనస్ఫూర్తిగా చెప్పట్లేదండీ" అన్నారు. సరే.

ఆరో రోజు నుంచి పుస్తకం ఎవరో వేరేవాళ్లు రాసినట్టు మారిపోతుంది. "ఈ మాట మీకు మొదట ఎవరు చెప్పారు, ఎక్కడ, అప్పుడు మీ చేతిలో ఏముంది?" అని అడుగుతుంది. చేతిలో ఏముంది అని అడగడం చిన్న విషయంలా ఉంటుంది కానీ నాకు గుర్తొచ్చింది దాని వల్లే. సుద్దముక్క. నాలుగో తరగతి, బోర్డు ముందు నిలబెట్టి ఏడెనిమిదులు ఎంత అన్నారు సారు. నాకు తెలుసు, ముందు రోజు రాత్రే ఇంట్లో అప్పజెప్పాను. నోట్లోంచి మాత్రం యాభై నాలుగు అని వచ్చింది. సారు కొట్టలేదు, తిట్టలేదు. నా చేతిలోని సుద్దముక్క తీసుకుని పక్కవాడికిచ్చి, "నువ్వెళ్లి కూర్చో, నీకు పాఠం చదవడం బాగా వస్తుందిలే" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన దాన్ని ఓదార్పుగానే అన్నారని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ ఓదార్పే నాకు తీర్పు అయి కూర్చుంది. తిట్టి ఉంటే పంతం వచ్చేదేమో కూడా.

ఇది రాస్తున్నప్పుడు ఇంకోటి తట్టింది, ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టనిది. యాభై నాలుగు ఎక్కడిదో కాదు, ఆరు తొమ్మిదులు. అదీ ఎక్కంలోదే. ఎక్కాలు రాని పిల్లకి యాభై నాలుగు తోచదు, యాభై మూడో అరవై ఒకటో చెబుతుంది. నేను సరైన వీధిలోకే వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను, అంతే. భయపడినప్పుడు, అప్పటికప్పుడు లెక్క వేయడానికి బుర్రలో వాడుకునే కాస్త జాగానీ ఆ భయమే ఆక్రమించేస్తుందని, లెక్కల భయం మీద పనిచేసిన పరిశోధకులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. రాకపోవడం వేరు, ఆ నిమిషంలో అందకపోవడం వేరు.

అయితే ఈ గుర్తుచేసుకోవడం దగ్గరే ఆగిపోతే ఏమీ మారదు. ఎనిమిదో రోజు నేను బాగా ఏడ్చి, తేలికపడి, తొమ్మిదో రోజు ఆఫీసులో ఎవరో శాతం అడిగితే మళ్లీ "నన్నడక్కండి బాబూ" అన్నాను. ఆదివారం లైవ్‌లో అందరూ తమ తమ సుద్దముక్క కథలు చెప్పుకుని కళ్లు తుడుచుకున్నారు, మంచిదే, కానీ రెండు గంటలైనా (గంటన్నర అని చెప్పి ప్రతిసారీ రెండు దాటించారు) ఇప్పుడేం చేయాలో ఎవరూ చెప్పలేదు.

చెప్పింది పుస్తకంలోని పదో పేజీ. ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఆ పేజీ, దాని తర్వాతి మూడు పేజీలు. పదో పేజీలో మధ్యన గీత. ఎడమ పక్క "ఇది నిజమనడానికి సాక్ష్యం", కుడి పక్క "కాదనడానికి సాక్ష్యం". ఇది వీళ్లు కనిపెట్టింది కాదు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు డిప్రెషన్‌తో వచ్చిన రోగుల మాటలు వింటూ, వాళ్ల బుర్రలో అడక్కుండా దూసుకొచ్చే ఆలోచనలు ఉన్నాయని గమనించి, వాటిని నిజమని ఒప్పుకోకుండా, అబద్ధమని కొట్టేయకుండా, పరీక్షకి పెట్టడం నేర్పించాడు. ఇప్పుడు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) అని పిలిచే వైద్యానికి అదొక పునాది. అంతకు ముందే, 1950లలో, ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ సైకాలజిస్టు దాదాపు ఇదే దారి తొక్కాడు, మనల్ని కుంగదీసేది జరిగిన సంగతి కాదు, దాని గురించి మనం పట్టుకుని కూర్చున్న నమ్మకమే ఎక్కువ అని. వర్క్‌బుక్‌లో వీళ్లిద్దరి పేర్లూ లేవు. "మా ప్రత్యేక పద్ధతి" అని ఉంది. పోనీలెండి.

ఎడమ పక్క నాకు చకచకా నిండిపోయింది. పదో తరగతి మార్కులు, కాలేజీలో వదిలేసిన సబ్జెక్టు, బిల్లులు. కుడి పక్క అరగంటైనా ఖాళీ. చివరికి ఇంట్లో అడిగాను, "నాకు లెక్కలు వచ్చని ఎప్పుడైనా అనిపించిందా?" అని. "మ్యాచ్ చూసేటప్పుడు ఇంకా ఓవర్‌కి ఎన్ని కొట్టాలో టీవీలో పడకముందే చెప్పేస్తావు కదా, అదేంటి మరి?" అన్నారు. అది లెక్కని నాకెప్పుడూ తోచలేదు. అది ఆట కదా. చూశారా, నమ్మకం ఎంత గడుసుదో! తనకి పడని సాక్ష్యాన్ని ముందే పేరు మార్చి వేరే గదిలో పెట్టేస్తుంది.

పదకొండో పేజీ ఇంకా బాగుంది. దాన్ని "చిన్న ప్రయోగం" అన్నారు. నీ నమ్మకం నిన్ను చేయొద్దనే పని ఒకటి ఎంచుకో, చేస్తే ఏం జరుగుతుందని నీ మనసు జోస్యం చెబుతోందో ముందే రాయి, ఎంత శాతం ఖాయమో రాయి, తర్వాత చేసి, జరిగింది రాయి. ముందే రాయడం ఎందుకంటే, రాయకపోతే పని అయ్యాక మనసు మాట మార్చేస్తుంది, "అబ్బే, నేను అంత భయపడలేదులే, ఇది తేలికైంది కాబట్టి అయింది" అంటుంది. కాగితం మీదుంటే బుకాయించలేదు.

నేను రాసింది: నలుగురి బిల్లు నేనే పంచుతాను. జోస్యం: తప్పు చెబుతాను, నవ్వుతారు. 90 శాతం. జరిగింది: సరిగ్గానే చెప్పాను, ఒకరికి బాకీ ఉన్నది కూడా కలిపి. నవ్వడం మాట అటుంచి, ఎవరూ గమనించను కూడా లేదు, అందరూ ఫోన్లు తీసి డబ్బు పంపేసి వేరే కబుర్లలో పడ్డారు. నేను మాత్రం యుద్ధం గెలిచొచ్చినట్టు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

రెండోది పోయినేడాది బడ్జెట్ షీట్. జోస్యం: ఐదు నిమిషాల్లో తల తిరిగి మూసేస్తాను, 80 శాతం. మూయలేదు. కానీ మొత్తం తేలలేదు. ఒక వరుసని రెండుసార్లు కలిపాను. పక్క సీట్లో ఉన్నావిడకి చూపించి, "ఇది ఎందుకు తేలట్లేదో చూస్తారా?" అని అడిగాను. "ఇదిగో, ఈ లైన్ డబుల్ పడింది. నాకూ మొన్న ఇలాగే అయింది" అంది. ఇందులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ తప్పే. బిల్లు దగ్గర తప్పు రాలేదు కాబట్టి "అదృష్టం" అని కొట్టేయగలిగాను. ఇక్కడ తప్పు జరిగింది, దొరికింది, సరిదిద్దాం, సుద్దముక్క ఎవరూ తీసుకోలేదు. నాలుగో తరగతి నుంచి నేను తప్పించుకుంటూ వచ్చింది లెక్కని కాదు, ఆ తర్వాతి నిమిషాన్ని. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉండేది, ఆ హాయే నమ్మకానికి ఎరువు. తప్పు చేశాక ఏమవుతుందో చూసే అవకాశం దానికి నేనెప్పుడూ ఇవ్వలేదు.

ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లోనే, ‘ఇది నేను చేయగలను’ అనే గురి మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో నాలుగు దారులు చెప్పాడు. స్వయంగా చేసి చూడటం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎవరైనా "నువ్వు చేయగలవు" అని చెప్పడం, ఆ సమయంలో ఒంట్లో కలిగే దడా వణుకూ లాంటివాటిని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో అన్నిటికంటే బలమైంది స్వయంగా చేసి చూడటమే. ఈ వర్క్‌షాప్‌లో ఐదు రోజులు మాటలకి, మూడు రోజులు జ్ఞాపకాలకి ఇచ్చి, చేసి చూడటానికి మూడంటే మూడే పేజీలు ఇచ్చారు. ఇది తిరగేయాలి. నేనైతే మంత్రాల పేజీల ఖాళీల్లో కూడా ప్రయోగాలే రాసుకున్నాను, మొత్తం ఏడు అయ్యాయి. ఏడులో రెండు జోస్యాలు నిజమయ్యాయి కూడా. ఒక మీటింగ్‌లో నిజంగానే తప్పు శాతం చెప్పాను, ఒకాయన నిజంగానే నవ్వాడు. బతికే ఉన్నాను.

ఇప్పుడు నాకు నచ్చనిది, చిన్న ఫిర్యాదు కాదు. రెండో ఆదివారం ఒకావిడ తన సంగతి చెప్పింది. ఇద్దరు చిన్నపిల్లలు, రాత్రి షిఫ్టు, ఇంట్లో సాయం చేసేవాళ్లు లేరు, అందుకే చదువు మళ్లీ మొదలుపెట్టలేకపోతున్నానని. దానికి లైవ్ క్లాసు నడిపే కోచ్ గారు "అదే అండీ మీ బ్లాక్. టైమ్ లేదన్నది మీ నమ్మకం మాత్రమే" అన్నారు. ఆవిడ ముఖం స్క్రీన్ మీద చిన్న పెట్టెలో కనిపిస్తోంది, ఏమీ అనలేదు, కాసేపటికి కెమెరా ఆపేసింది. అది నమ్మకం కాదు, అది లెక్క. ఇరవై నాలుగు గంటల్లోంచి ఉద్యోగం, పిల్లలు, నిద్ర తీసేస్తే మిగిలేది ఎంతో నాలాంటి లెక్కలు రాని మనిషికి కూడా తెలుసు. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే సైకాలజిస్టులు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, తప్పించుకోలేని షాకులు తిన్నవి, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. ఆ కథని కోచ్ గారే చెప్పారు, మన సంకెళ్లన్నీ మనసులోనే అని చెప్పడానికి. కానీ ఆ కుక్కలకి మొదట దారి నిజంగానే లేదు కదా, ఆ సగం ఎందుకు వదిలేశారు? ముందు దారి ఉందో లేదో చూడాలి, ఉన్నాక కదా నమ్మకం సంగతి.

ఇంకోటి. గ్రూపులో ఒకరు నెలల తరబడి నిద్ర లేదని, దేని మీదా ఆసక్తి లేదని రాస్తే, "ఏడో పేజీ మళ్లీ చేయండి" అని జవాబొచ్చింది. అది వర్క్‌బుక్ తీర్చే పని కాదు, డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్లమని చెప్పాల్సిన సందర్భం. పుస్తకం మొత్తంలో ఆ ఒక్క వాక్యం ఎక్కడా లేదు. నేను, ఇంకో ఇద్దరం విడిగా మెసేజ్ పెట్టి చెప్పాం.

ఈ 21 అంకె గొడవ కూడా చెప్పేస్తా. 21 రోజుల్లో మనసు మారుతుందని సైన్స్ తేల్చేసినట్టు యాడ్‌లో ఉంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో, తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులైనా పడుతోందని రాశాడు. "కనీసం" ఊడిపోయింది, 21 మిగిలింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసి, 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. అది కూడా రోజూ నీళ్లు తాగడం, నడవడం లాంటి పనుల సంగతి. నాలుగో తరగతి నుంచి పేరుకున్నదానికి 21 రోజులంటే ఎలా?

అలాగని డిసెంబర్‌లో పెట్టడాన్ని తప్పు పట్టను. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జనం జిమ్‌కి ఎక్కువ వెళ్తారని, లక్ష్యాలు ఎక్కువ పెట్టుకుంటారని హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో చూపించారు. పాత తప్పులన్నీ పాత మనిషి ఖాతాలో వేసేసి కొత్త పేజీ తిప్పినట్టు అనిపిస్తుంది కాబోలు. నాకూ అలాగే అనిపించింది, లేకపోతే డబ్బు కట్టేదాన్నే కాదు.

31 రాత్రి సెషన్‌లో అందరం మన నమ్మకాన్ని ఒక కాగితం మీద రాసి చించేయాలి. నాటకం అనుకున్నాను. తర్వాత తెలిసింది, దీనికీ కొంత ఆధారం ఉంది. పాబ్లో బ్రిన్యోల్, రిచర్డ్ పెటీ తదితర సైకాలజిస్టులు 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ ఆలోచనల్ని కాగితం మీద రాసి చెత్తబుట్టలో పడేసినవాళ్ల మీద ఆ ఆలోచనల పట్టు తగ్గింది, కాగితాన్ని దాచుకున్నవాళ్ల మీద పట్టు నిలిచింది. కానీ మా సెషన్‌లో కోచ్ గారి మైక్ మ్యూట్‌లో ఉండిపోయింది. ఆవిడ చేతులు ఊపుతూ ఏదో గొప్పగా చెబుతున్నారు, మేమందరం కాగితాలు పట్టుకుని "మేడమ్, వినపడట్లేదు" అని టైప్ చేస్తున్నాం, ఎవరికి వాళ్లం ఎప్పుడు తోస్తే అప్పుడు చించేశాం. నేను చించలేదు. మొదటి ప్రయోగం రాసుకున్నది ఆ కాగితం వెనకాలే, 90 శాతం అన్న అంకె దాని మీదే ఉంది.

మొత్తానికి నా రేటింగ్ ఐదుకి మూడు. వర్క్‌బుక్‌కి నాలుగు, లైవ్ క్లాసులకి రెండు, గ్రూపుకి ఒకటి, ఎందుకంటే తెల్లవారుజామున ఐదింటికే సుప్రభాతంలా ఫార్వర్డులు మొదలు. పుస్తకం విడిగా అమ్ముతున్నారు, తీసుకుంటే అదొక్కటే తీసుకోండి. మొదటి ఐదు పేజీలు వదిలేయండి, ఆరు, ఏడు తీరిగ్గా చేయండి, పదకొండో పేజీకి ఒక పది జిరాక్సులు తీసుకోండి, అక్కడ పని ఎక్కువుంటుంది, గీతలు తక్కువున్నాయి. లైవ్‌లో చేరితే మాత్రం రికార్డింగులు జనవరి 15 తర్వాత తీసేస్తారు, అది ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది, చూసుకోండి. ఆఫీసులో సరేనన్నాను. మొదటి షీట్ శుక్రవారం ఇవ్వాలి, జోస్యం రాసి పెట్టుకున్నాను, ఈసారి 60 శాతం.